గోగుచేను నుంచి గోనెసంచి దాకా: ఉత్తరాంధ్ర జూట్ మిల్లుల వెనకున్న ఆర్థికశాస్త్రం

నెల్లిమర్లలోనో రాజాంలోనో జూట్ మిల్లుకు తాళం పడిందని వార్త వచ్చినప్పుడల్లా తప్పు యాజమాన్యానిదని కొందరు, కార్మిక సంఘాలదని కొందరు వాదించుకుంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉండొచ్చు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఎకనామిక్స్ చదివే పిల్లలు మాత్రం అక్కడితో ఆగకూడదని నా కోరిక. ఉత్పన్న డిమాండ్, ప్రత్యామ్నాయ వస్తువులు, అవకాశ వ్యయం అంటూ వేర్వేరు పాఠాల్లో చదివేవన్నీ మన ఊళ్ల గోగు పంట చరిత్రలో ఒకచోటే దొరుకుతాయి.

నార గోగు మన మెట్ట భూముల్లో వాన మీద ఆధారపడి పండే పంట. కూర వండుకునే గోంగూరకు దగ్గరి చుట్టం. భీమునిపట్నం రేవు పేరు మీద ప్రపంచ మార్కెట్‌లో ఈ నారను బిమ్లీ జూట్ అనేవారు. అసలైన జూట్ అంటే జనపనార, అది బెంగాల్‌ది. 1850ల్లో క్రిమియా యుద్ధం వచ్చి రష్యా నుంచి నార రావడం కష్టమైతే, స్కాట్లాండ్‌లోని డండీ మిల్లులు బెంగాల్ నార వైపు తిరిగాయి. 1855లో కలకత్తా దగ్గర రిష్రాలో మన దేశపు తొలి జూట్ మిల్లు మొదలైంది. ఎక్కడో జరిగిన యుద్ధం మరెక్కడో రైతు ఏం వేయాలో మార్చేసింది. ఈ పరిశ్రమలో అలాంటివి ఆ తర్వాత కూడా జరిగాయి.

వాటిలో పెద్దది దేశ విభజన. జనపనార పండే మంచి భూములు ఎక్కువ భాగం తూర్పు పాకిస్తాన్‌కు పోయాయి. మిల్లులు కలకత్తా దగ్గర హుగ్లీ నది ఒడ్డున మన వైపు మిగిలాయి. 1949 సెప్టెంబరులో మనం రూపాయి విలువ తగ్గించాం, పాకిస్తాన్ తగ్గించలేదు. దాంతో వాళ్ల 100 రూపాయలకు మనం 144 రూపాయలు ఇవ్వాల్సిన లెక్క తేలింది. మన ప్రభుత్వం ఆ రేటును ఒప్పుకోలేదు. వ్యాపారం నిలిచిపోయింది, మిల్లులకు ముడిసరుకు కరువైంది. అప్పుడే నారను దేశంలోనే పండించాలనే పట్టుదల పెరిగింది. జనపనారకు కావలసినంత నీరు లేని చోట్ల గోగుకు విలువ వచ్చింది. మన జిల్లాలకు కలిసొచ్చింది అక్కడే. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానంలో గోగు వంగడాల మీద పని జరిగింది. నెల్లిమర్లలో అప్పటికే ఉన్న మిల్లుకు తోడు బొబ్బిలి, సాలూరు, రాజాం వైపు కూడా మిల్లులు వచ్చాయి. ఈరోజు విమానాశ్రయాలు కట్టే జీఎంఆర్ గ్రూప్ వ్యవస్థాపకుడు రాజాం మనిషే, ఆయన వ్యాపార జీవితం తొలిరోజులు జూట్‌తోనే ముడిపడి ఉన్నాయి.

ఇక్కడ ఉత్పన్న డిమాండ్ గురించి కాస్త ఆలోచించాలి. గోనెసంచిని సంచి కోసం ఎవరూ కొనరు. ధాన్యం నింపాలి కాబట్టి కొంటారు. సంచి కావాలి కాబట్టి మిల్లుకు నార కావాలి, నార కావాలి కాబట్టి రైతు గోగు వేస్తాడు. ఈ గొలుసులో మొదటి కొక్కెం తెగితే చివర ఉన్న రైతుకు ఆ సంగతి తెలిసేసరికి ఏడాది గడిచిపోతుంది. ప్లాస్టిక్ సంచి వచ్చి ఆ మొదటి కొక్కేన్నే తెంపింది. అది తేలిక, చవక, తడవదు. మరి చెరువులో, కాలవలో ఏళ్ల తరబడి కుళ్లకుండా పడి ఉండే ప్లాస్టిక్ వల్ల ఊరికి కలిగే నష్టం ఆ సంచి ధరలో ఎక్కడుంది? పుస్తకం దీన్నే ప్రతికూల బాహ్యత అంటుంది. ఆ నష్టం కూడా ధరలో కలిస్తే ప్లాస్టిక్ ఇంత చవగ్గా ఉండదు.

ఆ పోటీకి కేంద్రం ఇచ్చిన జవాబు 1987 నాటి చట్టం. ప్రభుత్వం నోటిఫై చేసిన సరుకులను జూట్ సంచుల్లోనే నింపాలని అది చెబుతుంది. మొదట్లో సిమెంటు, ఎరువులు కూడా ఆ జాబితాలో ఉండేవి, తర్వాత తీసేశారు. 2023-24 నిబంధనల్లో ఆహారధాన్యాలు నూటికి నూరు పాళ్లు, చక్కెర 20 శాతం ఉన్నాయి. చట్టం పరిశ్రమను నిలబెట్టిందనడంలో నాకు సందేహం లేదు. దానికి మూల్యం కూడా ఉంది. మిల్లుకు పెద్ద కొనుగోలుదారు దాదాపుగా ప్రభుత్వం ఒక్కటే అయిపోయింది. సంచి ధర లెక్క కట్టేదీ ప్రభుత్వమే. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు కొత్త రకం సరుకు తయారు చేయాలన్న తొందర మిల్లుకు ఉండదు, ఆర్డరు ఆలస్యమైతే షిఫ్టు ఆగుతుంది.

ధరను ప్రభుత్వ ఉత్తర్వుతో కట్టేస్తే ఏమవుతుందో 2021లో చూశాం. ముడి నార ధర విపరీతంగా పెరగడంతో ఆ ఏడాది సెప్టెంబరు 30న కేంద్ర ప్రభుత్వ అధికారి అయిన జూట్ కమిషనర్ క్వింటాలుకు గరిష్ఠంగా 6,500 రూపాయలని పరిమితి పెట్టారు. ఆ ధరకు నార దొరకలేదు. ముడిసరుకు లేక బెంగాల్‌లో మిల్లులు మూతపడ్డాయి. చివరికి 2022 మేలో పరిమితి ఎత్తేశారు. సమతౌల్య ధర, అంటే అమ్మకానికి వచ్చే సరుకూ కొనేవాళ్ల గిరాకీ సరిపోయే ధర, దానికన్నా కింద గీత గీస్తే కొరత వస్తుందని బోర్డు మీద గీసే బొమ్మకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

ఇన్ని రక్షణలున్నా మన గోగుచేలు ఎందుకు తగ్గిపోయాయి? జవాబు చెరువు గట్టు మీద ఉంది. కోసిన గోగు మోపులను రెండు మూడు వారాలు నీళ్లలో ఊరవేయాలి. ఆపైన మోకాలి లోతు మురుగునీటిలో నిలబడి నార ఒలిచి, కడిగి, ఆరబెట్టాలి. చెరువులో నీళ్లు చాలకపోతే నార నల్లబడి గ్రేడు పడిపోతుంది, దాంతో ధరా పడిపోతుంది. 2025-26 సీజన్‌కు జనపనార కనీస మద్దతు ధర క్వింటాలుకు 5,650 రూపాయలు, అదీ నిర్ణీత గ్రేడుకు. నార ఒలిచే పని చేసే మనుషులు విశాఖకో హైదరాబాద్‌కో చెన్నైకో వలస పోతున్నారు. 2006లో ఉపాధి హామీ మొదలైనప్పుడు తొలి విడత జిల్లాల్లో విజయనగరం ఒకటి. ఊళ్లోనే మరో పని దొరికాక ఆ మురుగులో దిగడానికి పాత కూలికి ఎవరు ఒప్పుకుంటారు? ఒప్పుకోనక్కర్లేదు కూడా. అదే భూమిలో మొక్కజొన్న వేస్తే ఈ ఊరవేత బాధ లేదు. గోగు వేసిన రైతు వదులుకునే మొక్కజొన్న ఆదాయమే గోగుకు అవకాశ వ్యయం. రైతులకు ఆసక్తి పోయిందని చెప్పేవాళ్లు ఈ లెక్క వేసి చూడరు.

బంగ్లాదేశ్, నేపాల్ జూట్ సరుకుల మీద 2017 జనవరిలో యాంటీ డంపింగ్ సుంకం, అంటే మరీ చవగ్గా వచ్చిపడే దిగుమతులకు అడ్డుగా వేసే పన్ను, వేశారు. 2025 జూన్‌లో బంగ్లాదేశ్ నుంచి భూమార్గంలో జూట్ దిగుమతులను ఆపి, ముంబై దగ్గరి నవా షేవా రేవుకే పరిమితం చేశారు. ఇవన్నీ మిల్లు గేటు దాకా ఇచ్చిన రక్షణలు. చెరువు దగ్గరి కష్టాన్ని తాకవు కాబట్టి గోగు రైతు దాకా రాలేదు. ఇక్కడి మిల్లు ఎక్కడి నారతోనైనా నడవొచ్చు, ఇక్కడి చేనుకు ఆ వీలు లేదు. నన్నడిగితే ముందు ఖర్చు పెట్టాల్సింది పచ్చి గోగు నుంచే నార తీసే యంత్రాలను ఊరికి ఉమ్మడిగా ఇవ్వడం మీద, ఉపాధి హామీ పనుల్లో ఊరవేతకు పనికొచ్చే నీటి కుంటలు తవ్వించడం మీద. నార ఒలిచే ఖర్చు ఎంత తగ్గితే గోగు మొక్కజొన్నతో పోటీ పడగలదో ఆమదాలవలస చుట్టుపక్కల రైతులను అడిగి లెక్క కట్టడం డిగ్రీ విద్యార్థులకు మంచి ప్రాజెక్టు అవుతుంది.