ఫ్యాటీ లివర్ అనగానే కొలెస్ట్రాల్ బిళ్ళ ఆపేస్తున్నారా? అపోహలు – వాస్తవాలు

షుగర్ ఉన్నవాళ్ళకి కడుపు స్కానింగ్ చేస్తే చాలామందిలో ఫ్యాటీ లివర్ కనబడుతుంది. దాన్ని పట్టించుకోవాల్సిందే. నా బాధంతా ఆ రిపోర్టు చేతికి వచ్చాక ఇంట్లో జరిగేదాని గురించి. ఎవరో ఒకరు మందుల డబ్బా ముందేసుకుని, వీటిలో లివర్‌ని పాడుచేసేది ఏదా అని వెతుకుతారు. వాట్సాప్‌లో వచ్చిన వీడియో ఒకటి దారి చూపిస్తుంది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ బిళ్ళ, అంటే అటోర్వాస్టాటినో, రోసువాస్టాటినో, ఆ రోజుతో ఆగిపోతుంది, దాని బదులు లివర్ టానిక్ సీసా వస్తుంది. తర్వాత ఎప్పుడో నా దగ్గరికి వచ్చినప్పుడు షుగర్ మందులన్నీ వరసగా చెబుతారు గానీ, ఈ సంగతి చెప్పరు. నేను అడిగితే అప్పుడు, "అది ఆపేశామండి, లివర్‌కి మంచిది కాదంట కదా" అంటారు.

అపోహ: లివర్‌లో కొవ్వు ఉంటే స్టాటిన్ వేసుకోకూడదు

వేసుకోవచ్చు. షుగర్ కూడా ఉంటే తప్పకుండా వేసుకోవాల్సిన వాళ్ళలో మీరు ముందుంటారు. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ళలో ఎక్కువమంది ప్రాణం తీసేది లివర్ జబ్బు కాదు, గుండె జబ్బు. అంటే లివర్‌ని కాపాడుకుంటున్నామనుకుని, గుండెకి ఉన్న రక్షణని మన చేతులతోనే తీసేస్తున్నాం.

ఆర్టీసీలో పనిచేసి రిటైరైన ఒకాయన ఇలాగే ఆపేశారు. షుగర్ బాగానే కంట్రోల్‌లో ఉండేది. లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ 62 వచ్చిందని మేనల్లుడు చెప్పిన మాట విన్నారు. కొన్ని నెలలకి ఒక రాత్రి ఛాతీ పట్టేసి, చెమటలు పోసి, ఆస్పత్రికి వచ్చారు. స్టెంట్ వేశారు, బతికారు. ఐసీయూ బయట ఆయన భార్య నా చేయి పట్టుకుని, "లివర్ బాగుండాలనే కదా డాక్టరమ్మా ఆపించాం" అని ఏడ్చింది. బిళ్ళ వేసుకుంటూ ఉంటే ఆ నొప్పి వచ్చేదే కాదని నేను ఖాయంగా చెప్పలేను. ఒక మనిషి విషయంలో అలా ఎవరూ చెప్పలేరు. వేలమంది విషయంలో మాత్రం చెప్పగలం.

2004లో వచ్చిన కార్డ్స్ అధ్యయనం చూడండి. టైప్ 2 షుగర్ ఉండి, అప్పటివరకూ గుండె జబ్బు రాని 2,838 మందిని తీసుకున్నారు. ఎవరికీ ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, మరీ ఎక్కువేం లేదు, 160 లోపే. సగంమందికి రోజూ 10 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్, మిగతా సగానికి డమ్మీ బిళ్ళ. గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ప్రమాదాలు స్టాటిన్ వేసుకున్నవాళ్ళలో 37 శాతం తగ్గాయి. పక్షవాతం ఒక్కటే చూస్తే 48 శాతం తగ్గింది. తేడా అంత స్పష్టంగా ఉండటంతో అధ్యయనాన్ని అనుకున్నదానికన్నా రెండేళ్ళ ముందే ఆపేశారు.

మరి లివర్ పరీక్షలు ముందే తేడాగా ఉన్నవాళ్ళ సంగతి? గ్రీస్‌లో గ్రేస్ అనే అధ్యయనంలో గుండె జబ్బు ఉన్న 437 మందికి ఎస్‌జీపీటీ లాంటివి కాస్త పెరిగి ఉన్నాయి, చాలావరకు ఫ్యాటీ లివర్ వల్లే. వీళ్ళ లెక్కలు విడిగా తీసి 2010లో ప్రచురించారు. స్టాటిన్ వేసుకున్నవాళ్ళలో లివర్ పరీక్షలు మెరుగుపడ్డాయి, వేసుకోనివాళ్ళలో ఇంకా పెరిగాయి. గుండె ప్రమాదాలు వేసుకున్నవాళ్ళలో 10 శాతం మందికి, వేసుకోనివాళ్ళలో 30 శాతం మందికి వచ్చాయి. ఆ అధ్యయనం మొదలుపెట్టింది ఈ ప్రశ్న కోసం కాదు కాబట్టి దాన్నొక్కదాన్నే పట్టుకుని వాదించను. కానీ మీరు భయపడుతున్న దానికి సరిగ్గా ఎదురుగా ఉంది ఫలితం.

భయం ఊరికే పుట్టలేదు, అదీ ఒప్పుకోవాలి. స్టాటిన్ మొదలుపెట్టాక వందలో ఒకరికి ఎస్‌జీపీటీ మామూలు హద్దుకి మూడు రెట్లు దాటవచ్చు. చాలామందికి అది దానంతట అదే దిగుతుంది, లేదా డోసు తగ్గిస్తే దిగుతుంది. లివర్ నిజంగా దెబ్బతినడం లక్షమందిలో ఒకరికి జరిగే మాట. ఒకప్పుడు స్టాటిన్ వాడేవాళ్ళందరికీ పదేపదే లివర్ పరీక్షలు చేయించేవాళ్ళు. అలా చేయించి ఉపయోగం లేదని 2012లో అమెరికా ఎఫ్‌డీఏ ఆ సూచన తీసేసింది. మొదలుపెట్టే ముందు ఒకసారి చూసుకుని, తర్వాత కళ్ళు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, విపరీతమైన నీరసం ఉంటే చూపించుకుంటే చాలు.

స్టాటిన్ ఆపాల్సిన సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. లివర్ పూర్తిగా గట్టిపడి పొట్టలో నీరు చేరినవాళ్ళు, కామెర్లతో లివర్ ఒక్కసారిగా దెబ్బతిన్నవాళ్ళు, గర్భం కోసం చూస్తున్నవాళ్ళు, గర్భిణులు. అటోర్వాస్టాటిన్ వాడుతుండగా క్లారిథ్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే, ఆ కొద్ది రోజులు ఏం చేయాలో డాక్టర్‌ని అడగాలి. స్కానింగ్‌లో గ్రేడ్ 1, గ్రేడ్ 2 అని రాసి ఉండటం ఈ జాబితాలో లేదు.

అసలు ఆ గ్రేడ్ చెప్పేది కొవ్వు ఎంత ఉందో మాత్రమే, లివర్ గట్టిపడుతోందో లేదో కాదు. అది తెలుసుకోవడానికి ఫిబ్-4 అనే లెక్క ఉంది. మీ వయసు, ఎస్‌జీఓటీ (ఇదీ లివర్ పరీక్షే), ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు ఉంటే చాలు, వేరే ఖర్చు లేదు. 1.3 లోపు వస్తే ప్రస్తుతానికి నిశ్చింతగా ఉండొచ్చు. దాటితే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించాలి. (65 దాటినవాళ్ళకి 2 వరకు ఫర్వాలేదు.) టానిక్ కొనడానికి పెట్టే డబ్బు దీనికి పెట్టండి.

అపోహ: నా ఎల్‌డీఎల్ వందలోపే ఉంది, నాకు బిళ్ళ అక్కర్లేదు

మొన్న వచ్చిన ఒక రిపోర్టు చెబుతాను. మొత్తం కొలెస్ట్రాల్ 192, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో తిరిగే మరో రకం కొవ్వు) 310, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 34, ఎల్‌డీఎల్ 96. ఎల్‌డీఎల్ పక్కన ల్యాబ్ వాళ్ళు నార్మల్ అని వేశారు. ఆయన దాని కింద పెన్నుతో గీత కూడా గీసుకొచ్చారు.

చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ని నేరుగా కొలవరు. మొత్తంలోంచి హెచ్‌డీఎల్‌నీ, ట్రైగ్లిజరైడ్స్‌లో అయిదో వంతునీ తీసేస్తారు. ట్రైగ్లిజరైడ్స్ పెరిగేకొద్దీ ఎల్‌డీఎల్ తక్కువగా కనబడుతుంది, 400 దాటితే ఆ లెక్క పనికే రాదు. అందుకే నేను చూసేది 192లోంచి 34 తీసేస్తే వచ్చే నాన్ హెచ్‌డీఎల్. అది 158. షుగర్ ఉండి గుండె ముప్పు ఎక్కువున్న మనిషికి అది వందలోపు ఉండాలి, ఎల్‌డీఎల్ 70 లోపు ఉండాలి. పైగా షుగర్ ఉన్నవాళ్ళలో ఎల్‌డీఎల్ కణాలు చిన్నవిగా, సంఖ్యలో ఎక్కువగా ఉంటాయి. అవి రక్తనాళాల గోడల్లోకి ఇట్టే దూరిపోతాయి. 96 అన్న అంకెలో ఇదేమీ కనబడదు.

అపోహ: నూనె, నెయ్యి మానేస్తే ట్రైగ్లిజరైడ్స్ దిగుతాయి

పాపం చాలామంది నిజాయితీగా మానేస్తారు. కూరలు ఉడకబెట్టుకుని తింటారు, రుచి లేకపోయినా ఓర్చుకుంటారు. మూడు నెలల తర్వాత అంకె అలాగే ఉంటే కుంగిపోతారు. ఒకావిడని రోజంతా ఏం తింటారో చెప్పమన్నాను. పొద్దున ఇడ్లీలు, మధ్యాహ్నం చారుతోనూ మజ్జిగతోనూ పళ్ళెం నిండా అన్నం, సాయంత్రం టీలో నాలుగు బిస్కెట్లు, బలానికని బత్తాయి రసం, రాత్రి మళ్ళీ అన్నం. నూనె చుక్క లేదు. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయని ఒంట్లో, మిగిలిపోయిన పిండిపదార్థాన్ని లివరే కొవ్వుగా మారుస్తుంది. కొంత తనలో దాచుకుంటుంది, కొంత ట్రైగ్లిజరైడ్స్‌గా రక్తంలోకి వదులుతుంది. ఫ్యాటీ లివర్, ట్రైగ్లిజరైడ్స్ జంటగా కనబడేది అందుకే. ఆవిడకి నేను చెప్పింది అన్నం సగం చేసి పప్పు, కూర రెట్టింపు చేయమని, రసం బదులు కాయ తినమని, బిస్కెట్లు మానేయమని, భోజనం అయ్యాక నడవమని. తర్వాతి పరీక్షలో అంకె బాగా దిగింది. బరువులో 5 శాతం తగ్గినా లివర్‌లో కొవ్వు తగ్గడం మొదలవుతుంది, వాపు కూడా తగ్గాలంటే 7 నుంచి 10 శాతం తగ్గాలి.

అలాగని కొబ్బరి నూనె గ్లాసుల్లో తాగే డైట్ జోలికి వెళ్ళకండి, ఎల్‌డీఎల్ కొండెక్కుతుంది.

మద్యం సంగతి వేరు. ట్రైగ్లిజరైడ్స్ 500 దాటితే, అందులోనూ వెయ్యి దాటితే, క్లోమం వాచిపోయే ప్రమాదం ఉంటుంది. పండగ మూడు రోజులూ తాగి, షుగర్ మందులు వేసుకోకుండా, కడుపునొప్పితో మెలికలు తిరుగుతూ వచ్చిన కుర్రాడి రక్తం తీస్తే, ట్యూబులో పైకి తేలిన సీరం పాలలా తెల్లగా ఉంది. అలాంటప్పుడు ముందు ట్రైగ్లిజరైడ్స్‌నే దించాలి.

అపోహ: ట్రైగ్లిజరైడ్స్ బిళ్ళ వేసుకుంటున్నాను, స్టాటిన్ ఎందుకు?

ఆ అంకె దిగినంత మాత్రాన గుండెకి రక్షణ వచ్చినట్టు కాదు. 2022లో ప్రామినెంట్ అధ్యయనంలో షుగర్ ఉన్న పది వేలమందికి పైగా రోగుల్లో ట్రైగ్లిజరైడ్స్ తగ్గించే పెమాఫైబ్రేట్ బిళ్ళని, డమ్మీ బిళ్ళని పోల్చి చూశారు. ఎక్కువమంది అప్పటికే స్టాటిన్ మీద ఉన్నారు. ట్రైగ్లిజరైడ్స్ దిగాయి, గుండె ప్రమాదాలు తగ్గలేదు. మన దేశంలోనే తయారై 2013లో అనుమతి పొందిన సారోగ్లిటజార్ అనే ట్రైగ్లిజరైడ్స్ మందు కూడా స్టాటిన్‌కి తోడే గానీ బదులు కాదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

స్టాటిన్ వేసుకుంటే కండరాల నొప్పులు తప్పవంటారు. నొప్పి అబద్ధమని నేను అనను. కానీ దుష్ఫలితాలొచ్చాయని స్టాటిన్ మానేసిన 60 మందికి 2020లో సామ్సన్ అధ్యయనంలో కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు డమ్మీ బిళ్ళ ఇస్తే, బాధలో 90 శాతం డమ్మీతోనూ వచ్చింది. బిళ్ళ మార్చి, డోసు తగ్గించి చూస్తే చాలామంది తట్టుకుంటారు.

స్టాటిన్ వల్ల షుగర్ కాస్త పెరగొచ్చు, నిజమే. ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్ళకి ఆ కాస్త పెరుగుదల కన్నా గుండెకి జరిగే మేలు చాలా ఎక్కువ.

సన్నగా ఉన్నవాళ్ళకి ఫ్యాటీ లివర్ రాదనుకోవద్దు. కాళ్ళూ చేతులూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చినవాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు, వాళ్ళకీ వస్తుంది.

నేల ఉసిరి కషాయం తాగుతున్నామంటే, ఏం తాగుతున్నారో డాక్టర్‌కి చెప్పండి, దాచకండి.

లిపిడ్ పరీక్షకి పరగడుపున రావాలని షుగర్ మందులు వేసుకోకుండా మధ్యాహ్నం దాకా ల్యాబులో కూర్చుంటారు కొందరు. మామూలు చెకప్‌కి తిని వచ్చినా ఫర్వాలేదు. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటి వస్తే అప్పుడు పరగడుపున మళ్ళీ చేయిద్దాం.