పసిపాప ముఖం మీద ఎర్ర గడ్డ: "అదే పోతుందిలే" అనేవాళ్ళకి

అపోహ: హీమాంజియోమా (రక్తనాళాలు గుమిగూడి ఏర్పడే ఎర్ర గడ్డ) దానంతటదే పోతుంది, ఏడాది ఆగండి.

సగం నిజం. ఈ సగమే కొంప ముంచుతోంది. కరగడం నిజమే, చాలామందిలో నాలుగేళ్లకల్లా కరిగేదంతా కరుగుతుంది. కానీ కరిగేముందు పెరుగుతుంది. 5 నుంచి 8 వారాల మధ్య మరీ జోరుగా. 3 నెలలు నిండేసరికి చాలావాటిలో పూర్తి సైజులో 80 శాతం వచ్చేసి ఉంటుంది. ముక్కు కొన మీదో పెదవి మీదో ఉబ్బితే, కరిగాక కూడా సాగిన చర్మం మిగిలిపోవచ్చు. కనురెప్ప మీదైతే ఆ కంటికి చూపే మందగించవచ్చు. అందుకే ముఖం మీది గడ్డని నెల నిండేలోపే చూపించమంటాం.

వచ్చేది మాత్రం అన్నప్రాశన అయ్యాక! ఓ కుటుంబం ఫోన్లో ఫొటోలు చూపించింది. బారసాల నాడు రెప్ప మీద కందిగింజంత చుక్క, అన్నప్రాశన నాటికి కన్ను సగం మూసుకుపోయింది. "మావాడికీ వీపు మీద ఉండేది డాక్టరుగారూ, బడికెళ్ళే వయసుకి పోయింది" అంది నాయనమ్మ. ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. వీపు మీది చిన్నదానికి మేమూ ఏ మందూ ఇవ్వం. రెప్ప వేరు, వీపు వేరు.

అపోహ: గుండె మందు పసిపిల్లకా?

ఈ మాట ప్రొప్రానొలాల్ గురించి, గుండెకీ బీపీకీ వాడే మందే ఈ గడ్డకీ ఇస్తాం. ఓ బిడ్డకి గుండె ఇబ్బందికని ఇస్తే ముక్కు మీది గడ్డ మెత్తబడిందని ఫ్రాన్స్‌లోని బోర్డో డాక్టర్లు 2008లో రాశారు. ఇప్పుడు మొదటి మందు ఇదే. సాధారణంగా రోజుకి కిలోకి 2-3 మి.గ్రా., కనీసం 6 నెలలు. గుండె, బీపీ చూశాకే మొదలుపెడతాం, సొంతంగా వద్దు. అసలు భయం షుగర్ పడిపోవడం. పాలు పట్టాకే వెయ్యండి. వాంతులైనా, పాలు తాగకపోయినా, పిల్లికూతలు వచ్చినా డోసు ఆపి ఫోన్ చెయ్యండి. మెడికల్ షాపతను "ఇది బీపీ బిళ్ళ కదమ్మా" అంటే ఏ తల్లికైనా చేతులు వణుకుతాయి, తప్పుపట్టను. పల్చటి చిన్న గడ్డలకి టైమొలాల్ (ఇదే కోవకి చెందిన మందు) చుక్కలు పైన రాస్తే చాలు.

మిగతావి గబగబా. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. క్యాన్సర్ కాదు. సున్నం పెట్టొద్దు, మచ్చ జన్మంతా ఉంటుంది. రక్తం కారితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కిపట్టండి. కత్తి, లేజర్ ఎక్కువగా చివర్లో మిగిలినదానికే. పుట్టినప్పటి నుంచీ చదునుగా, ఉబ్బకుండా ఉండే ముదురెరుపు మచ్చ వేరే జబ్బు, దానికి ఈ మందు పనిచెయ్యదు.

గడ్డం, దవడల చుట్టూ ఎర్రగా ఉండి ఊపిరి తీస్తుంటే గురగుర వినిపిస్తే ఓపీ టైము చూడకండి, ఆ రాత్రే తీసుకురండి.