ఒడ్డు నుంచి చూసి మోసపోకండి: నీటి ప్రమాదాలపై అపోహలు - వాస్తవాలు

నేను సముద్రపు ఒడ్డున లైఫ్‌గార్డ్‌గా పనిచేస్తున్నాను. ఒడ్డున నిలబడి చూసేవాళ్లకు ప్రమాదంగా అనిపించేది ఒకటి, నిజంగా ప్రాణం తీసేది మరొకటి. ఈ తేడా అందరికీ తెలియాలనే ఇది రాస్తున్నాను.

అపోహ: మునిగిపోయేవాళ్లు చేతులు ఊపుతారు, కేకలు పెడతారు.

వాస్తవం: చాలామంది చప్పుడు లేకుండానే మునిగిపోతారు. నోరు ఒకసారి నీటిపైకి వస్తుంది, మళ్లీ కిందికి పోతుంది. పైకి వచ్చిన ఆ కాస్త సమయం ఊపిరి తీసుకోవడానికే చాలదు, ఇక అరుపెక్కడిది? చేతులు వాటంతటవే పక్కలకు చాచుకుని నీటిని కిందికి నొక్కుతుంటాయి. ఊపుదామన్నా మాట వినవు. అమెరికాలో లైఫ్‌గార్డ్‌గా చేసిన ఫ్రాన్సెస్కో పియా, మునిగిపోతున్నవాళ్లను తీసిన ఫిల్ములు పరిశీలించి ఈ సంగతి వివరించారు. ఆ పెనుగులాట సాగేది 20 నుంచి 60 సెకన్లే.

ఒకసారి ఒక పిల్లాడు, వాళ్ల నాన్నకు ఆరేడు అడుగుల దూరంలోనే ఉన్నాడు. నా కుర్చీలోంచి చూస్తే ఒకేచోట గెంతుతూ ఆడుకుంటున్నట్టే ఉంది. కానీ తడిజుట్టు కళ్ల మీద అతుక్కుపోయినా తోసుకోవడం లేదు. తల వెనక్కి వాలి ఉంది, నోరు తెరుచుకుని ఉంది. పరిగెత్తాను. చంకల కింద చేతులేసి ఎత్తితే ముందు దగ్గాడు, తర్వాత ఏడ్చాడు. "ఆడుకుంటున్నాడనే అనుకున్నానండీ" అన్నారు వాళ్ల నాన్న. ఆయన్ని తప్పుపట్టలేను, చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది.

నీళ్లలో ఉన్న పిల్లలు అల్లరి చేస్తూనే ఉంటారు. ఆ అల్లరి ఆగిందా, వెంటనే చూడండి. అనుమానం వస్తే "బాగున్నావా?" అని గట్టిగా అడగండి. జవాబు రాకపోతే ఒక్క క్షణం కూడా ఆగొద్దు.

అపోహ: అయితే, అరిచేవాళ్లకు ప్రమాదం లేనట్టే.

వాస్తవం: కానే కాదు. వాళ్లకు ఇంకా తాడు పట్టుకునే ఓపిక ఉందని మాత్రమే అర్థం. అది పోకముందే అందించాలి.

అపోహ: అలలు విరగని చోట నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి, అక్కడ దిగితే భయం లేదు.

వాస్తవం: నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఈ నమ్మకమే. అటూ ఇటూ తెల్లగా నురగ, మధ్యలో మాత్రం ముదురు రంగులో నునుపైన సందు కనిపిస్తే అది రిప్ కరెంట్ కావచ్చు. ఒడ్డుకు వచ్చిన నీళ్లు సముద్రంలోకి తిరిగి వెళ్లే దారి అది. అక్కడ లోతెక్కువ కాబట్టే అలలు విరగవు. ఉధృతంగా ఉన్నప్పుడు దాని వేగం సెకనుకు 2 మీటర్లు దాటుతుంది. ప్రపంచస్థాయి ఈతగాళ్లు కూడా ఆ వేగాన్ని కాసేపే నిలబెట్టుకోగలరు. దిగేముందు ఓ పది నిమిషాలు ఒడ్డునే నిలబడి, నురగ, ఇసుక కలిసిన నీళ్లు ఎటు పోతున్నాయో గమనించండి.

అది మనిషిని కిందికి లాగదు, లోపలికి తీసుకుపోతుంది. ప్రాణం తీసేది దానికి ఎదురీదడం వల్ల వచ్చే అలసట. చిక్కుకుంటే కంగారుపడకుండా తేలుతూ ఉండండి, చెయ్యెత్తి సాయం అడగండి. ఈదగలిగితే ఒడ్డుకు సమాంతరంగా, నురగ ఉన్న వైపు ఈదండి.

అపోహ: దగ్గరే కదా, దూకి లాక్కొచ్చేయొచ్చు.

వాస్తవం: అలా దూకి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. మునిగిపోయే మనిషి అందినదాన్ని పట్టుకుని పైకెక్కాలని చూస్తాడు, అది మీ భుజమైనా సరే. ముందు లైఫ్‌గార్డ్‌ను పిలవండి. తాడో, ట్యూబో, మూత బిగించిన ఖాళీ డబ్బానో, తేలేది ఏదైనా విసరండి. అక్కడున్న ఒకరు మాత్రం ఇంకే పనీ పెట్టుకోకుండా, ఆ మనిషి మీంచి చూపు తిప్పకుండా, మేము చేరేదాకా వేలితో అటే చూపిస్తూ ఉండాలి. అలల మధ్య తల ఒక్కసారి కనుమరుగైతే మళ్లీ ఎక్కడుందో పట్టుకోవడం చాలా కష్టం.