‘ఉత్త కషాయమే కదండీ!’ – ఒత్తిడికి ఇంటి కషాయాలు: అపోహలు, వాస్తవాలు

"మందులేమైనా వాడుతున్నారా అమ్మా?" అని అడిగితే "లేదండీ, ఉత్త కషాయమే" అంటారు. నిన్న సాయంత్రం కూడా విన్నాను ఈ మాట. 18 ఏళ్ళుగా ఆయుర్వేద వైద్యం చేస్తున్నాను, కషాయం మీద నాకు గట్టి నమ్మకం. అందుకే ఆ ‘ఉత్త’ అన్న మాట వింటే భయమేస్తుంది.

అపోహ: చెట్టు మందు కాబట్టి హాని చెయ్యదు, ఎన్నాళ్ళైనా తాగొచ్చు.

ఈ ఒక్క అపోహ పోతే చాలు, మిగతావి ఎలా ఉన్నా ఫర్వాలేదంటాను.

పోయిన వేసవిలో ఒక టీచరమ్మ వచ్చారు. యాభై ఏళ్ళుంటాయి. ఇంట్లో కూతురి పెళ్ళి పనులు, రాత్రి నిద్ర లేదు, ఊరికే గుండె దడ. ఫోన్‌లో ఎవరో పంపిన చిట్కా పట్టుకుని రెండు నెలలుగా రోజుకు మూడు గ్లాసుల కషాయం తాగుతున్నారు. ‘ఇది ఉందిగా’ అని బీపీ మాత్ర కూడా ఆపేశారు. కాళ్ళు వాచాయి, రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయి. బీపీ చూస్తే 170/100. ఫ్లాస్కులో కషాయం వెంట తెచ్చుకున్నారు. మూతలో కాస్త పోయించుకుని రుచి చూశాను. మింగాక కూడా గొంతులో నిలిచిపోయే తీపి. "బెల్లం వేశారా?" అన్నాను. "అబ్బే, ఏమీ వెయ్యలేదండీ, దానంతటదే తియ్యగా ఉంటుంది" అన్నారు.

అతిమధురం వేరు!

వాస్తవం: అతిమధురం మంచి మందే. గొంతునొప్పికి, దగ్గుకు నాలుగు రోజులకని నేనే రాసిస్తాను. కానీ ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్‌ను మన కిడ్నీల్లో ఒక ఎంజైమ్ అణచి ఉంచుతుంది. అతిమధురం ఆ ఎంజైమ్‌నే అడ్డుకుంటుంది. అప్పుడు ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోతాయి, పొటాషియం బయటికి పోతుంది. బీపీ పెరుగుతుంది, వాపులొస్తాయి, కండరాలు పట్టేస్తాయి, గుండె లయ కూడా తప్పవచ్చు. ఒంట్లో నీరు తగ్గించే బీపీ మాత్రలు వాడేవాళ్ళకు పొటాషియం ఇంకా పడిపోతుంది. ఒత్తిడి తగ్గాలని తాగిన కషాయమే ఆవిడ ఒత్తిడి హార్మోన్‌కు కిడ్నీలో తలుపు తీసింది. ఆవిడను కోప్పడబుద్ధి కాలేదు. నిద్ర లేని మనిషి ఏ చిట్కా దొరికినా పట్టుకుంటుంది. నా కోపమంతా ముందూ వెనకా చూడకుండా వాటిని పంపేవాళ్ళ మీదే.

అశ్వగంధ సంగతీ ఇంతే. గర్భిణులు వాడకూడదు. థైరాయిడ్ మాత్రలు, నిద్రమాత్రలు వేసుకునేవాళ్ళు సొంతంగా మొదలుపెట్టకూడదు. అరుదుగానైనా కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా వెంటనే ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఇంకొక్క మాట. ఆందోళనకు, నిద్రకు వాడే మాత్రలను కషాయం మొదలుపెట్టామని ఒక్కసారిగా మానేయకండి. కొన్ని రకాలు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. రాసిన డాక్టరే మెల్లగా తగ్గించాలి.

అపోహ: ఎంత మరిగిస్తే అంత పవర్.

వేర్లకు, బెరళ్ళకు మరిగించాలి, నిజమే. ఒక వంతు మందుకు పదహారు వంతుల నీళ్ళు పోసి, ఆ నీళ్ళు ఎనిమిదో వంతయ్యేదాకా కాచి దించడం మా పద్ధతి. వాసనున్న ఆకులను అలా కాస్తే ఆ సువాసన వంటింటికి పోతుంది, గ్లాసులోకి రాదు. గుప్పెడు తులసి ఆకులు నలిపి, స్టవ్ మీంచి దించిన గ్లాసుడు వేడినీళ్ళలో వేసి, పది నిమిషాలు మూత పెట్టండి. దీన్నే ఫాంటం అంటాం. మూత తీశాక లోపలివైపు పట్టిన చుక్కలను మళ్ళీ గ్లాసులోకే విదిలించండి, వాసనంతా వాటిలోనే ఉంటుంది.

ధనియాలకైతే అసలు పొయ్యే అక్కర్లేదు. రెండు చెంచాలు కచ్చాపచ్చాగా దంచి, రాత్రి గ్లాసుడు నీళ్ళలో నానేసి, పొద్దున వడకట్టి, కాస్త పటికబెల్లం కలుపుకుంటే చాలు, ఇలా చన్నీళ్ళలో నానేసిన దాన్ని హిమం అంటాం. నేను పీజీ పరీక్షలకు చదివేటప్పుడు మా అమ్మ సాయంత్రం కాఫీ మాన్పించి ధనియాల కాఫీ ఇచ్చేది. వారానికల్లా నిద్ర కుదురుకుంది. అందులో ధనియాల గొప్పతనం ఎంతో చెప్పలేను కానీ, మానేసిన కాఫీది మాత్రం చాలా ఉంది. సాయంత్రం 5కి తాగిన కాఫీలోని కెఫీన్‌లో దాదాపు సగం రాత్రి 10కి కూడా చాలామంది ఒంట్లోనే ఉంటుంది.

మిగతావి గబగబా: సరస్వతి ఆకు, నీటి బ్రహ్మి ఒకటి కావు, అంగట్లో రెంటినీ బ్రహ్మి అనే ఇస్తారు, ఆకు చూసి కొనండి. మూడు రోజుల్లో టెన్షన్ మాయమని చెప్పేవాళ్ళను నమ్మకండి. కాచినది ఏ రోజుకారోజే తాగేయండి, మిగిలితే పారబోయండి.

టీచరమ్మ కషాయం మానేసి, వాళ్ళ డాక్టరు దగ్గర బీపీ మాత్ర మళ్ళీ మొదలుపెట్టారు. మూడు వారాలకు వాపు దిగింది. ఇప్పుడు తులసి నీళ్ళు తాగుతున్నారు, రోజుకు ఒక్క గ్లాసు.

మీరు ఎవరి దగ్గరికి వెళ్ళినా పొడి ప్యాకెట్టు, మాత్రల చీటీ రెండూ పట్టుకెళ్ళండి. వారాల తరబడి నిద్ర లేకపోయినా, బతకాలనిపించకపోయినా కషాయం కాస్తూ కూర్చోకండి, 14416కు ఫోన్ చెయ్యండి. అది ప్రభుత్వ టెలి మానస్ నంబరు, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.