అట్టుకు కళ్లెక్కడివి?

ఇథియోపియా వాళ్లు పులిసిన పిండితో పోసే అట్టు ఇంజెరా. దాన్ని ఒకవైపే ఎందుకు కాలుస్తారని ఒక పాఠకురాలు అడిగారు. తిరగేస్తే కళ్లు మూసుకుపోతాయి, అందుకు. ఇథియోపియాలో ఇంజెరా మీది చిల్లులను కళ్లనే అంటారు. అవి ఎంత ఒత్తుగా, సమంగా పడితే అట్టు అంత బాగా కుదిరినట్టు. మొరాకోలో బగ్రీర్‌ను వెయ్యి చిల్లుల అట్టు అంటారు. దాన్నీ తిరగెయ్యరు.

పిండి పెనం మీద పడ్డాక కాసేపు తడిగా మెరుస్తుంది. అంచు దగ్గర ఒక చిల్లు పడుతుంది, పక్కన ఇంకొకటి, చూస్తుండగానే మధ్యదాకా పాకి మెరుపు పోతుంది. పులిసిన పిండిలో కార్బన్ డయాక్సైడ్ బుడగలు ముందే ఉంటాయి. వేడికి వాయువు వ్యాకోచిస్తుందని బడిలో చెప్పి వదిలేస్తాం. లెక్క వేస్తే, 25 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు వెళ్లినా అలా పెరిగేది 22 శాతమే. ఇన్ని చిల్లులకు అది చాలదు.

అసలు పని నీటి ఆవిరిది. బుడగ చుట్టూ తడే కాబట్టి ఆవిరి లోపలికి చేరుతూనే ఉంటుంది. 90 డిగ్రీల దగ్గర ఆ ఆవిరి పీడనం సుమారు 70 కిలోపాస్కల్స్. బయటి వాతావరణ పీడనం 101, బుడగ లోపలి మొత్తం పీడనమూ దాదాపు అంతే ఉండాలి. ఇక కార్బన్ డయాక్సైడ్ వంతుకు మిగిలేది 31. మొదట దాదాపు మొత్తం దానిదే, ఇప్పుడు దాని పీడనం అంత తగ్గాలంటే బుడగ సాగాల్సిందే. వేడికి పెరిగే ఆ 22 శాతం కూడా కలిపి లెక్క తేలేసరికి బుడగ దాదాపు నాలుగింతలు! వాయు నియమాల పాఠాన్ని పెనం దగ్గర నిలబెట్టి చెబితే ఏ పిల్లలూ మర్చిపోరు.

బుడగ పగిలితే చాలదు, చిల్లు నిలవాలి. 70 డిగ్రీల చుట్టుపక్కల స్టార్చ్ నీళ్లు పీల్చుకుని ఉబ్బి బిగుస్తుంది. పిండి పలచనైతే అంతలోపే చిల్లు పూడిపోతుంది, మరీ చిక్కనైతే బుడగ పైకే రాదు. ఇంజెరా చేసే టెఫ్ అనే చిరుధాన్యంలో, గోధుమ పిండికి సాగుడు ఇచ్చే గ్లూటెన్ లేదు, అంటే బుడగను పట్టి ఉంచే సాగుడు గుణం తక్కువ. అందుకని పులిసిన పిండిలో కొంత తీసి, నీళ్లలో ఉడికించి, ఆ జావను తిరిగి పిండిలో కలుపుతారు. దీన్ని అబ్సిట్ అంటారు. ఉడికిన స్టార్చ్ పిండికి చిక్కదనం ఇచ్చి బుడగలను పట్టి ఉంచుతుంది. ఎంత గొప్ప ఆలోచన! ఆ తర్వాత మూత పెడితే పైభాగం ఆవిరికే ఉడుకుతుంది.

అమెరికన్ పాన్‌కేక్‌కు ఇవే బుడగలు తిరగెయ్యమనే గుర్తు. ఫ్రెంచివాళ్ల పలచని అట్టు క్రేప్. దాని పిండి పులియదు, కళ్లూ ఉండవు, కాబట్టి నిశ్చింతగా తిప్పొచ్చు. ఫిబ్రవరి 2న చేతిలో నాణెం పట్టుకుని క్రేప్‌ను ఎగరేసి తిప్పితే ఏడాదంతా డబ్బుకు లోటుండదని అక్కడ పాత నమ్మకం. నిజానికి క్రేప్ తిరగడానికి కావలసింది, అడుగు బిగిసి పెనాన్ని వదలడమే.

వేడి బగ్రీర్ మీద కరిగించిన వెన్న, తేనె కలిపి పోయండి. పక్కలకు జారదు. ఒక్కొక్క చిల్లులోకీ దిగిపోతుంది.