నూనె మానేసినా రాళ్లెందుకు వచ్చినాయి?

పోయిన ఎండాకాలం తిరుపతి బైరాగిపట్టెడలో మా చిన్నమ్మ వాళ్లింట్లో రాత్రి ఒంటి గంటకి ఒకటే గోల, కుడి డొక్క కింద పట్టేసిందంట, నొప్పి వీపులోంచి భుజం దాకా పోతా ఉందంట, గ్యాసనుకోని సోడా తాగించి వాము నమిలించి తెల్లారినాక స్కానింగ్‌కి తీసకపోయినాం. స్క్రీన్ మీద నల్లగా చిన్న సంచి, దాన్లో తెల్ల చుక్కలు, ఒక్కోదాని వెనక టార్చికి వేలు అడ్డం పెట్టినట్టు నల్లటి నీడ. పక్కకి తిరగమంటే చుక్కలూ జారినాయి. గాల్ బ్లాడర్‌లో (పిత్తాశయంలో) రాళ్లు.

"నూనె వస్తువు ముట్టి రెండు నెలలాయె కదరా, నాకెందుకొచ్చినాయిరా?" అనింది చిన్నమ్మ.

నాకూ అదే డౌటు, కూర్చోని చదివినా. లివర్ రోజూ అర లీటర్ నుంచి లీటర్ దాకా కొవ్వు అరిగించే పైత్యరసం తయారు చేస్తాది, మనం తినని టైంలో అది గాల్ బ్లాడర్‌లో చేరతాది, ఆ సంచికి పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లే, అందుకే నీళ్లు పీల్చేసి పులుసు మరిగించినట్టు చిక్కగా చేసి పెట్టుకుంటాది. కొంచెం నూనో నెయ్యో పేగులోకి దిగితే కోలిసిస్టోకైనిన్ అనే హార్మోన్ వస్తాది, అప్పుడు గానీ ఆ సంచి గట్టిగా పిండుకోదు. రసంలో కొలెస్ట్రాల్ ఎక్కువైనా, రసం కదలకుండా నిలవున్నా అడుగున బురద మాదిరి పేరుకోని మెల్లగా రాయవతాది.

ఇప్పుడు చిన్నమ్మ సంగతి. కూతురి పెళ్లికి సన్నబడాలని రెండు నెలల్లో 14 కేజీలు తగ్గింది, కీరకాయ, మజ్జిగ, అంతే. ఒంట్లో కొవ్వు గబగబా కరిగేటప్పుడు లివర్ పైత్యరసంలోకి కొలెస్ట్రాల్ ఎక్కువ వదుల్తాది, ఇటు తిండిలో నూనే లేదు కాబట్టి సంచి గట్టిగా పిండుకునే పనే లేదు. వారానికి కేజీన్నర మించి తగ్గితే రిస్కు పెరుగుతాదని డాక్టర్లు చెప్పేది అందుకే, బరువు తగ్గే ఆపరేషన్ చేసినోళ్లకి కొన్ని నెలలు రాళ్లు కట్టకుండా అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ మాత్రలు ఇచ్చేదీ అందుకే. పైగా ఈమె పొద్దున ఉత్త కాఫీతో మధ్యాన్నం దాకా లాగుతాది, శనివారం ఒక్కపొద్దు వేరే. (ఒక్కపొద్దు నేనూ ఉంటా, తప్పనడం లేదు, కానీ దినామూ టిఫిన్ ఎగ్గొట్టేది భక్తి కాదు కదా.)

అట్లని పూరీలు లాగించమని కాదు. ఒళ్లు పెరిగినా రాళ్లే, చక్కెర, మైదా ఎక్కువైనా రిస్కే. పీచున్న తిండి మంచిది, రాగి సంగటి మన ఇంట్లోనే ఉండాది. అమెరికాలో నర్సుల్ని ఏళ్ల తరబడి గమనిస్తే, చెనిక్కాయలు, బాదం లాంటివి తరచుగా తినేవాళ్లకి గాల్ బ్లాడర్ ఆపరేషన్లు తక్కువ పడినాయంట, చిత్తూరు జిల్లాలో చెనిక్కాయలకి కరువా! అయితే ఈ లెక్కంతా కొలెస్ట్రాల్ రాళ్లకే ఎక్కువ వర్తిస్తాది, మన దక్షిణాదిలో బాగా కనపడే నల్ల పిగ్మెంట్ రాళ్ల కథ వేరే, రక్తకణాలు ఎక్కువగా విరిగిపోయే జబ్బుల్లాంటి కారణాలుంటాయి.

అరటి దవ్వ రసం తాగమని పక్కింటామె చెప్పింది, పాపం ఆమె చెప్పేది కిడ్నీ రాళ్లకి. ఇంకెవరో నిమ్మరసం, ఆలివ్ ఆయిల్ తాగితే పచ్చగా రాళ్లు పడిపోతాయన్నారు, అవి రాళ్లు కావు, ఆ నూనే కడుపులో సబ్బు ఉండలుగా మారి బయటికొస్తాది.

నొప్పి లేకపోతే చాలామందిని అట్లే వదిలేస్తారు, చిన్నమ్మకి మళ్లీ మళ్లీ వచ్చింది కాబట్టి లాప్రోస్కోపీలో, అంటే చిన్న కంతల్లోంచి చేసే ఆపరేషన్లో, గాల్ బ్లాడర్నే తీసేసినారు. రాళ్లు చిన్న సీసాలో వేసి ఇచ్చినారు, పచ్చగా శనగబద్దల మాదిరి పదకొండు. టీవీ పక్కన పెట్టుకోని వచ్చినోళ్లందరికీ చూపిస్తా ఉండాది, ఎవురన్నా డైటింగ్ అంటే చాలు, సీసా చేతికిచ్చేస్తాది.