తాబేళ్ల తీరానికి వెళ్లే ముందు: విదేశీ వాలంటీరింగ్‌పై అపోహలు - వాస్తవాలు

డిసెంబరు వచ్చిందంటే విద్యార్థుల నుంచి ఫోన్లు మొదలవుతాయి. "మేడమ్, సెలవుల్లో కోస్టారికా తాబేళ్ల ప్రాజెక్టుకు వెళ్దామనుకుంటున్నాను. దానివల్ల లాభం ఉంటుందా?" ఆ వెంటనే ఇంట్లోవాళ్లు ఏమన్నారో, స్నేహితులు ఏమన్నారో చెబుతారు. వాటిలో సగం మాటలు నిజం కావు.

నేను జువాలజీ చెబుతాను, సముద్ర తాబేళ్ల మీద పనిచేస్తాను. ఎం.ఎస్సీ. అయ్యాక ఒక సీజన్ మధ్య అమెరికా దేశమైన కోస్టారికాలోని టోర్టుగెరో తీరంలో వాలంటీర్‌గా ఉన్నాను. తర్వాత మా విద్యార్థుల్లో కొందరిని ఇలాంటి పనులకు సిద్ధం చేసి పంపాను. కొందరిని వెళ్లొద్దని ఆపాను కూడా. తరచూ వినే అపోహలకు నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: అది ఒట్టి చాకిరీ, అందులో సైన్స్ ఏముంటుంది?

ఈ మాట ఎక్కువగా తోటి అధ్యాపకుల నోటే వింటాను. అందుకే దీనితోనే మొదలుపెడుతున్నాను.

టోర్టుగెరో కరీబియన్ సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరు. రోడ్డు లేదు. పడవలోనో చిన్న విమానంలోనో చేరుకోవాలి. స్పానిష్‌లో తోర్తుగా అంటే తాబేలు, ఊరి పేరు అందులోంచే వచ్చింది. ఆర్చీ కార్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త 1950లలో అక్కడ పచ్చ తాబేళ్లకు లోహపు ట్యాగులు వేసి గుర్తించే పని ప్రారంభించారు. ఆ పనికి అండగా 1959లో ఏర్పడిన సంస్థే ఇప్పటి సీ టర్టిల్ కన్సర్వెన్సీ. 1975లో ఆ ప్రాంతం జాతీయ పార్కు అయింది. ట్యాగులు వేసే పని ఈ రోజుకీ నడుస్తోంది.

ఇంతకాలం ఎందుకు? ఒక పిహెచ్.డి. ఐదారేళ్లలో అయిపోతుంది. పచ్చ తాబేలు గుడ్లు పెట్టే వయసుకు రావడానికే పాతికేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఈ జీవి ఒక్క తరాన్ని చూడాలన్నా ఒక శాస్త్రవేత్త ఉద్యోగ జీవితం చాలదు. అందుకే ఏటా కొత్త విద్యార్థులు వస్తారు, అదే తీరంలో నడుస్తారు, అవే కొలతలు తీస్తారు. ఇలాంటి పరిశోధనకు వాలంటీరే పరికరం. ఆ పరికరం తప్పు చూపిస్తే పదేళ్ల తర్వాత ఎవరి లెక్కో తప్పుతుంది.

పని ఎలా ఉంటుందో చెబుతాను. రాత్రి ముదురు రంగు బట్టలేసుకుని నడుస్తాం. తెల్ల లైటుకు తాబేలు బెదిరి గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుంది కాబట్టి, అవసరమైనప్పుడే ఎర్ర లైటు వేస్తాం. ఇసుకలో ట్రాక్టరు పోయినట్టు జాడ కనిపిస్తుంది. తాబేలు గొయ్యి తవ్వేదాకా దూరంగా కదలకుండా కూర్చుంటాం. గుడ్లు పెట్టేటప్పుడు ఒకరు వెనక పడుకుని, గ్లవ్స్ వేసుకున్న చేయి కింద పెట్టి, జారే ఒక్కో గుడ్డుకు ఒక్కో క్లిక్ చొప్పున కౌంటర్ నొక్కుతారు. గుడ్లన్నీ పెట్టాకే ట్యాగు. దానికంటే ముందు పాత ట్యాగు ఉందా, ఊడిపోయిన చోట గాటు ఉందా అని వేలితో తడిమి చూడాలి. గాటు దొరికితే అది కొత్త తాబేలు కాదు, ఇదివరకు వచ్చిందే. ఆ చిన్న గాటును గమనించకపోతే జనాభా లెక్కే మారిపోతుంది. చివరగా పెంకు పొడవు, వంపు వెంట టేపు పెట్టి, మళ్లీ మళ్లీ కొలవాలి.

ఒక రాత్రి జోరువానలో కౌంటర్ తడిసి అంకె సరిగ్గా కనబడలేదు. నూట ఎనిమిదో, నూట ఆరో. సగటు తీసి నూట ఏడు రాయబోయాను. మా బృందం నాయకురాలు నా చేయి పట్టుకుని ఆపింది. "తెలియకపోతే గడి ఖాళీగా వదులు, ఎందుకు వదిలావో పక్కన రాయి" అంది. అప్పటికి నేను అయిదేళ్లు ప్రాక్టికల్స్ చేసి వచ్చినదాన్ని. ఆ అయిదేళ్లలో ఒక్క గడి కూడా ఖాళీగా వదలలేదు. మన ల్యాబుల్లో జవాబు ముందే తెలుసు, సీనియర్ రికార్డు పక్కన పెట్టుకుని దానికి సరిపోయే రీడింగులు వేసేస్తాం. తీరంలో జవాబు ఎవరి దగ్గరా లేదు. అది అర్థమైన రోజే నేను సైన్స్ విద్యార్థినయ్యాను అనుకుంటాను. చాకిరీ అనే మాటకు నా జవాబు ఇదే.

పాఠాలు కూడా మరోలా వంటబడతాయి. తాబేలు పిల్ల ఆడదో మగదో గూటిలోని వేడిని బట్టి తేలుతుందని, సుమారు 29 డిగ్రీల కంటే వేడెక్కితే ఆడపిల్లలు, చల్లబడితే మగపిల్లలు ఎక్కువవుతాయని నేను పరీక్షలో రాశాను. నీడలో ఉన్న గూడును, ఎండలో ఉన్న గూడును ఒకే రోజు ముట్టుకుని చూశాక భూమి వేడెక్కడం గురించి నాకు వేరే వివరణ అవసరం కాలేదు.

అపోహ: సర్టిఫికెట్ ఉంటే ఎమ్మెస్ సీటు ఖాయం

కాదు. సర్టిఫికెట్ మీరు అక్కడ ఉన్నారని మాత్రమే చెబుతుంది. దరఖాస్తుకు బలం ఇచ్చేవి రెండు. ఒకటి, మీతో రాత్రులు నడిచిన శాస్త్రవేత్త రాసే సిఫార్సు లేఖ. "క్లాసులో మొదటి ర్యాంకు" అనే లేఖ చాలామందికి ఉంటుంది. "వానలోనూ నోట్‌బుక్ సరిగ్గా రాసింది" అనే లేఖ కొందరికే ఉంటుంది. రెండోది, మీలో మీకే పుట్టిన ప్రశ్న. మా విద్యార్థి ఒకరు పొదగని గుడ్ల మీద బూజు చూసి, అది గుడ్డు చచ్చాక పట్టిందా, బూజు పట్టడం వల్ల గుడ్డు చచ్చిందా అని ఆలోచించడం మొదలుపెట్టారు. ఎందుకు చదవాలనుకుంటున్నారో దరఖాస్తుతో రాసే ఆయన స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో మొదటి పేరా అదే. రెండు వారాల ట్రిప్పులో ఇలాంటివి అరుదుగా జరుగుతాయి. వెళ్తే కనీసం ఆరు వారాలు ఉండమంటాను.

అపోహ: డబ్బులు అడిగారంటే మోసమే

భోజనం, బస ఖర్చు తీసుకోవడం మోసం కాదు. చిన్న సంస్థలు ఆ డబ్బుతోనే నడుస్తాయి. ఆ రూపాయి ఎక్కడికి పోతుందో అడగండి, జవాబు చెప్పేవాళ్లను నమ్మండి. మధ్యలో ఏజెన్సీ ఉంటే మరింత జాగ్రత్త పడాలి. నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయిని ఒక ఏజెంటు లక్షన్నర కట్టమన్నాడు. నేరుగా ప్రాజెక్టుకు మెయిల్ పెడితే వాళ్లు చెప్పింది అందులో సగం కూడా లేదు.

డబ్బు లేనివాళ్లకు దారి లేదనడమూ తప్పే. కెనడాలోని మైటాక్స్ గ్లోబలింక్ ఇంటర్న్‌షిప్ వాలంటీరింగ్ కాకపోయినా పన్నెండు వారాల పరిశోధన, ఖర్చు వాళ్లే ఇస్తారు, మన డిగ్రీ విద్యార్థులు దరఖాస్తు చేసుకోవచ్చు. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం ఎవరి దగ్గరా ఫీజు తీసుకోదు. దాని పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే అక్కడే ఆపేయండి.

అపోహ: మనం వెళ్లి వాళ్లకు సాయం చేస్తాం

మొదటి నెలంతా సాయం అందుకునేది మీరే. చీకట్లో జాడ చూసి తాబేలు పైకి వెళ్లిందో, తిరిగి సముద్రంలోకి దిగిపోయిందో అక్కడివాళ్లు నడుస్తూనే చెప్పేస్తారు. నాకు అది రావడానికి మూడు వారాలు పట్టింది.

మీకు రాని పని చేయనిచ్చే చోటికి అసలు వెళ్లొద్దు. మైక్రోబయాలజీ, నర్సింగ్, మెడిసిన్ పిల్లలకు ఇది గట్టిగా చెబుతాను. ఇక్కడ మీరు చేయకూడని ఇంజెక్షన్, కుట్లు అక్కడి పేదవాళ్ల మీద చేయొచ్చని ఎవరైనా అంటే, అది అన్యాయం. జంతువుల విషయంలోనూ ఇంతే. సింహం పిల్లలకు పాలు పట్టి ఫోటో దిగండి అనే ప్రకటనలు చాలా వస్తాయి. దక్షిణాఫ్రికాలో అలా పెంచిన పిల్లల్లో ఎన్నో పెద్దయ్యాక కంచె లోపల వేటకు, ఎముకల వ్యాపారానికి పోయాయి. అక్కడి ప్రభుత్వమే 2021లో ఈ పెంపకానికి స్వస్తి చెప్పాలన్న నిర్ణయం ప్రకటించింది. అడవి జంతువును ఎత్తుకోనిచ్చే చోట సంరక్షణ జరగదు.

అపోహ: టూరిస్ట్ వీసా చాలు

దేశాన్ని బట్టి మారుతుంది. ఉదాహరణకు బ్రిటన్‌లో విజిటర్ వీసా మీద రిజిస్టరైన చారిటీకి ముప్పై రోజుల వరకే వాలంటీరింగ్ చేయనిస్తారు, అదీ వచ్చిన ముఖ్య పని అది కానప్పుడు. కెన్యా, ఉగాండా లాంటి దేశాలకైతే బయల్దేరడానికి కనీసం పది రోజుల ముందు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవాలి. ఆ కార్డు లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి క్వారంటైన్‌కు పంపవచ్చు. ఇంకో సంగతి, గుర్తుగా పెంకు ముక్క కూడా తేవద్దు. సముద్ర తాబేళ్లు ఏడు జాతులూ వన్యప్రాణుల వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ అంతర్జాతీయ ఒప్పందంలో మొదటి అనుబంధంలో ఉన్నాయి. కస్టమ్స్‌లో దొరికితే కేసు అవుతుంది.

అపోహ: ఆడపిల్లను ఒంటరిగా అంతదూరం ఎలా పంపుతాం?

తల్లిదండ్రుల భయాన్ని నేను కొట్టిపారేయను. మా అమ్మ కూడా అదే అడిగింది. బయల్దేరే ముందు ప్రాజెక్టుకు ఈ ప్రశ్నలు పంపండి: రాత్రి నడకలో ఎందరు ఉంటారు, గదులు విడిగా ఉంటాయా, దగ్గరి ఆసుపత్రికి ఎంతసేపు పడుతుంది, ఇబ్బంది పెడితే ఎవరికి చెప్పాలి, పాత వాలంటీర్లలో ఒక అమ్మాయితో మాట్లాడిస్తారా? ఆఖరి ప్రశ్నకు జవాబు తప్పించుకునే చోటికి నేను ఎవరినీ పంపలేదు. ఇక "అక్కడ ఏం తింటుందమ్మా?" అని అడిగే అమ్మలకు ఒక మాట. కోస్టారికాలో పొద్దున్నే పెట్టే గాయో పింటో అంటే అన్నంలో నల్ల చిక్కుడు గింజలు కలిపి వేయించింది. వెంట కాస్త ఆవకాయ ఉంటే మాంసం ముట్టని పిల్లలకూ రోజులు గడిచిపోతాయి.

అపోహ: వెళ్లలేకపోతే అవకాశం పోయినట్టే

వీసా రాని పిల్లలు ఏడుస్తూ ఫోన్ చేస్తారు. వాళ్లకు మన తీరం చూపిస్తాను. ఆలివ్ రిడ్లే అనే జాతి సముద్ర తాబేళ్లు జనవరి నుంచి మన శ్రీకాకుళం, విశాఖ ఇసుకలోకే వచ్చి గుడ్లు పెడతాయి. అటవీశాఖ ఊరివాళ్లతో కలిసి హేచరీలు, అంటే గుడ్లను కాపాడి పిల్లలు బయటికి వచ్చేదాకా ఉంచే చోట్లు, నడుపుతోంది. చెన్నైలో విద్యార్థులు సొంతంగా 1988లో మొదలుపెట్టిన తాబేళ్ల నెట్‌వర్క్ ఇప్పటికీ సీజన్‌లో రాత్రుళ్లు తీరం వెంట నడుస్తోంది. ఒక్క షరతు. ఇవి 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్ జీవులు, అటవీశాఖ అనుమతి లేకుండా గుడ్లు ముట్టుకోకూడదు. విదేశానికి వెళ్లబోయేవాళ్లను కూడా నేను ముందు ఇక్కడే ఒక నెల నడిపిస్తాను. అక్కడికి చేరాక వాళ్లు త్వరగా అందుకుంటారు.

నిరుడు వీసా రాక ఆగిపోయిన ఒక అమ్మాయి ఈ సీజన్‌లో శ్రీకాకుళం తీరంలో హేచరీ వాళ్లతో నడుస్తోంది. మొదటి గూడు దొరికిన తెల్లవారుజామున నాకు తాబేలు ఫోటో పంపలేదు, నోట్‌బుక్ పేజీ పంపింది. తేదీ, సమయం, గుడ్లు 112. ఉష్ణోగ్రత గడి ఖాళీ. పక్కన చిన్న అక్షరాల్లో, "థర్మామీటర్ పనిచేయలేదు."